దిగబడని బండి ఏది? ఆఫ్‌రోడ్ ఎస్‌యూవీ ఎంపికలో తికమక పెట్టే లెక్కలు

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు మారి, కార్ల మీద పరిహార సెస్సు తొలగిపోయిన తరువాత, కారు మార్చే ఆలోచనలో ఉన్న కుటుంబాలలో ఒక ప్రశ్న పదేపదే వస్తోంది. ఎలాగూ ఎస్‌యూవీయే కొంటున్నాం కదా, పొలం డొంకలోకీ, ఘాట్ రోడ్డు మీదికీ, అవసరమైతే వాన నీటిలోకీ వెళ్లగలిగేదే ఎందుకు తీసుకోకూడదు? విజయవాడలో ఈ ప్రశ్నకు మరో కారణం కూడా ఉంది. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, ఇళ్ల ముందు నిలిపిన కార్లు మునిగిపోవడాన్ని నగరం కళ్లారా చూసింది. ఎత్తైన బండి ఉంటే బాగుండేదన్న మాట ఆ తరువాత పుట్టడంలో వింతేమీ లేదు.

అయితే ఆ మాటలో సగమే నిజం. ఆఫ్‌రోడ్ సామర్థ్యం అని మనం ఒకే పేరు పెట్టి పిలిచేది నిజానికి మూడు నాలుగు వేర్వేరు గుణాల కలగలుపు. నేలకు తగలకుండా పోవడం ఒకటి, జారే నేల మీద పట్టు దొరకడం ఇంకొకటి, అతి నెమ్మదిగా అతి బలంగా కదలడం మరొకటి. వీటిలో ప్రతిదానికీ బండిలో వేరే భాగం ఉంటుంది, వేరే ఖర్చు ఉంటుంది. ఒకటి ఉన్నంత మాత్రాన మిగిలినవి ఉన్నట్టు కాదు. కొనుగోలులో వచ్చే తికమకలో ఎక్కువ భాగం ఈ గుణాలను విడదీసి చూడకపోవడం వల్లనే వస్తోందని నా అభిప్రాయం.

ఎస్‌యూవీ అన్న పేరు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

భారత వాహన తయారీదారుల సంఘం సియామ్ లెక్కల ప్రకారం 2024-25లో దేశంలో అమ్ముడైన ప్రయాణికుల వాహనాలలో నూటికి దాదాపు 65 యుటిలిటీ వాహనాలే. అంటే ఈ పేరు ఇప్పుడు ప్రత్యేకమైన బండిని సూచించడం లేదు. పన్నుల కోసం ప్రభుత్వం పెట్టుకున్న నిర్వచనంలోనూ పొడవు 4 మీటర్లు దాటడం, ఇంజన్ 1,500 సీసీ దాటడం, ఖాళీ బండికి నేల నుంచి కనీసం 170 మి.మీ. ఎత్తు ఉండడం అనే కొలతలే ఉన్నాయి. ఎన్ని చక్రాలకు ఇంజన్ శక్తి అందుతుందన్న ఊసు అందులో లేదు.

ఒక పోలికతో ఈ విషయం తేటపడుతుంది. టాటా నెక్సాన్ గ్రౌండ్ క్లియరెన్స్ 208 మి.మీ., మారుతీ సుజుకి జిమ్నీది 210 మి.మీ. తేడా రెండు మిల్లీమీటర్లు, అంటే పాత రూపాయి బిళ్ల మందం. రోడ్డు మీద స్పీడు బ్రేకరు దాటేటప్పుడు రెండూ ఒకటే. కానీ తడిసిన పొలం గట్టు దగ్గర నెక్సాన్‌కు ముందు చక్రాలు రెండే లాగుతాయి. జిమ్నీకి నాలుగు చక్రాలూ లాగుతాయి, దానికి తోడు తక్కువ వేగానికి ప్రత్యేకమైన గేరు ఉంది. జిమ్నీ శరీరం విడిగా ఉన్న ఉక్కు చాసిస్, అంటే చట్రం, మీద కూర్చుంటుంది. ఈ మూడు తేడాలలో ఏ ఒక్కటీ బండిని బయట నుంచి చూస్తే కనిపించదు.

మన నేల పెట్టే పరీక్షలు

బండి గురించి మాట్లాడే ముందు నేల గురించి మాట్లాడడం న్యాయం. గుంటూరు, ప్రత్తిపాడు, తాడికొండ, తుళ్లూరు వైపు పత్తి, మిర్చి పండే నల్లరేగడి నేల ఎండాకాలంలో బీటలు వారి రాయిలా ఉంటుంది, వానాకాలంలో ఉబ్బి జిగురు ముద్దవుతుంది. అందులోని బంకమన్ను నీటిని పీల్చుకొని వ్యాకోచించే రకం కావడమే దీనికి కారణం. ఈ మట్టితో వచ్చే ప్రధానమైన చిక్కు లోతు కాదు, అంటుకోవడం. నాలుగు చుట్లు తిరిగేసరికి టైరు గాడులన్నీ మట్టితో నిండిపోయి, ఎంత ఖరీదైన టైరైనా నున్నటి రోలరులా మారుతుంది. ఆ తరువాత నాలుగు చక్రాలు తిరిగినా జారడమే తప్ప కదలిక ఉండదు. పెద్ద వాన పడిన మర్నాడు ట్రాక్టరు తప్ప మరేదీ డొంకలోకి దిగదని మన రైతులు చెప్పే మాట అనుభవం నుంచి వచ్చింది. షోరూములో ఎవరు ఏ హామీ ఇచ్చినా ఈ మాటను పక్కన పెట్టనవసరం లేదు.

కృష్ణ ఇసుక మరో రకం. లంక పొలాలకు వెళ్లే దారుల్లో, బాపట్ల దగ్గర సూర్యలంక తీరంలో, నది సముద్రంలో కలిసే హంసలదీవి వైపు, బండి బరువు పెరిగేకొద్దీ దిగబడే ప్రమాదం పెరుగుతుంది. ఇక్కడ ఇంజన్ బలం కంటే బండి తేలికగా ఉండడం, టైరు నేల మీద వెడల్పుగా పరుచుకోవడం ఎక్కువ పనికొస్తాయి. అందుకే ఇసుకలోకి దిగేవారు టైరు గాలిని మామూలు 30 పీఎస్ఐ నుంచి 18, 20 దాకా తగ్గిస్తారు. గాలి తగ్గితే టైరు పొడవుగా పరుచుకొని బరువు ఎక్కువ చోటు మీద పడుతుంది. మళ్లీ తారు రోడ్డెక్కే ముందు గాలి నింపుకోవాలి కనుక బండిలో చిన్న కంప్రెసర్ ఉండాలి.

తీరం మాట వచ్చింది కనుక మరొక సంగతి కూడా చెప్పాలి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన తీరంలోని ఇసుకలోనే గుడ్లు పెడతాయి. అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవులు. ఆ నెలల్లో ఇసుక మీద బండి తోలడం వల్ల పగిలే గూళ్లు పైకి కనిపించవు. బండికి వెళ్లగల శక్తి ఉండడం, అక్కడికి వెళ్లే హక్కు ఉండడం వేర్వేరు విషయాలు. నల్లమలలో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యానికి కూడా ఇదే వర్తిస్తుంది.

శక్తి ఏ చక్రాలకు చేరుతుంది

టూ వీల్ డ్రైవ్ బండిలో ఇంజన్ శక్తి ముందు చక్రాలకో వెనుక చక్రాలకో మాత్రమే చేరుతుంది. మనం రోజూ చూసే ఎస్‌యూవీలలో అత్యధిక భాగం ముందు చక్రాలు లాగే రకం. వాటి ధర తక్కువ, బరువు తక్కువ, మైలేజీ ఎక్కువ.

ఆల్ వీల్ డ్రైవ్‌లో మామూలుగా రెండు చక్రాలు లాగుతూ, అవి జారినప్పుడు ఒక క్లచ్ వంటి అమరిక ద్వారా మిగిలిన రెండింటికీ కొంత శక్తి దానంతటదే వెళుతుంది. మారుతీ గ్రాండ్ విటారాలోని ఆల్‌గ్రిప్ ఈ కోవలోది. తడిసిన ఘాట్ రోడ్డుకు, పలుచటి బురదకు ఇది చక్కగా సరిపోతుంది. అయితే ఎక్కువసేపు బలంగా లాగవలసి వస్తే ఆ క్లచ్ వేడెక్కి కాసేపు పని ఆపేయవచ్చు. విద్యుత్ బండ్లలో ఈ పని చేసే పద్ధతే వేరు. టాటా హారియర్ ఈవీలోని నాలుగు చక్రాల రకానికి ముందొక మోటారు, వెనుకొక మోటారు ఉంటాయి, వాటి మధ్య ఇనుప షాఫ్టు ఉండదు.

సంప్రదాయమైన ఫోర్ బై ఫోర్ అంటే మహీంద్రా థార్, జిమ్నీ, ఫోర్స్ గూర్ఖాలలో ఉన్నది. గేరుబాక్సు తరువాత ట్రాన్స్‌ఫర్ కేసు అనే మరో పెట్టె ఉంటుంది. డ్రైవరు లివర్ వేసినప్పుడు అది ముందు ఇరుసును, వెనుక ఇరుసును గట్టిగా కలిపేస్తుంది. ఈ కలయికే దాని బలం, అదే దాని పరిమితి. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు తిరిగే దూరం, వెనుక చక్రాలు తిరిగే దూరం ఒకటి కాదు. బురదలోనైతే ఏదో ఒక చక్రం కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటుంది. పొడి తారు రోడ్డు మీద జారే వీలు లేదు కనుక ఆ ఒత్తిడంతా గేర్ల మీద, షాఫ్టుల మీద పడుతుంది. కాబట్టి ఇటువంటి బండి బెంజ్ సర్కిల్ దగ్గర ఎప్పుడూ రెండు చక్రాల బండిగానే నడుస్తుంది. ఫోర్ బై ఫోర్ కొంటే రోడ్డు మీద పట్టు ఎప్పుడూ ఎక్కువగా ఉంటుందని నమ్మేవారు ఈ ఒక్క విషయాన్ని గమనించాలి.

లో రేంజ్: వేగాన్ని ఇచ్చి బలాన్ని తీసుకోవడం

ట్రాన్స్‌ఫర్ కేసులోనే మరో జత గేర్లు ఉంటే దానిని లో రేంజ్ అంటారు. జిమ్నీ ఇంజన్ టార్క్, అంటే మెలితిప్పే బలం, 134 న్యూటన్ మీటర్లు. పెద్ద డీజిల్ బండ్లతో పోలిస్తే ఇది చాలా తక్కువ. అయితే దాని లో రేంజ్ నిష్పత్తి దాదాపు 2. అంటే ఏ గేరులోనైనా చక్రాలకు చేరే మెలితిప్పే బలం రెట్టింపవుతుంది, వేగం సగానికి తగ్గుతుంది. మొదటి గేరులో ఇంజన్ ఒక స్థాయిలో తిరుగుతున్నప్పుడు బండి గంటకు 12 కిలోమీటర్లు పోయేదనుకుంటే, లో రేంజ్‌లో అదే స్థాయిలో 6 కిలోమీటర్లే పోతుంది.

వేగం తగ్గడం నష్టంలా కనిపిస్తుంది కానీ, అసలు ప్రయోజనం అందులోనే ఉంది. రాళ్ల వాలు ఎక్కేటప్పుడు క్లచ్‌ను సగం తొక్కి పట్టి కాల్చుకోవలసిన పని ఉండదు. నిటారు వాలు దిగేటప్పుడు బ్రేకు తొక్కకుండానే ఇంజన్ బండిని నిలువరిస్తుంది. మన మైదానపు జిల్లాల్లో దీని అవసరం తక్కువ. పాడేరు, మారేడుమిల్లి చుట్టుపక్కల రాళ్లు తేలిన కొండదారుల్లో తరచుగా తిరిగే ఉద్యోగికో, వైద్యుడికో, కాంట్రాక్టరుకో దీని విలువ తెలుస్తుంది.

ఒక చక్రం గాలిలో తిరుగుతుంటే బండి ఎందుకు కదలదు

నాలుగు చక్రాల బండి కూడా దిగబడడం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. కారణం డిఫరెన్షియల్. మలుపులో లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం తిరగడానికి ప్రతి ఇరుసు మధ్యలో ఈ గేర్ల అమరిక ఉంటుంది. మామూలు డిఫరెన్షియల్‌కు ఒక స్వభావం ఉంది. అది రెండు చక్రాలకూ సమానమైన బలాన్నే పంచుతుంది. ఎడమ చక్రం బురదలో ఉండి, అది జారడానికి 100 న్యూటన్ మీటర్ల బలం చాలనుకుందాం. అప్పుడు గట్టి నేల మీద ఉన్న కుడి చక్రానికి కూడా ఆ 100 మాత్రమే అందుతుంది. అది 1,000 మోయగల స్థితిలో ఉన్నా ఉపయోగం లేదు. యాక్సిలరేటరు ఎంత తొక్కినా ఎడమ చక్రం మరింత వేగంగా తిరిగి గుంత తవ్వుతుందే తప్ప బండి కదలదు. ఫోర్ బై ఫోర్‌లో కూడా ముందు ఇరుసున ఒకటి, వెనుక ఇరుసున ఒకటి, ఐమూలగా ఉన్న రెండు చక్రాలు పట్టు కోల్పోతే ఇదే జరుగుతుంది.

దీనికి రెండు రకాల పరిష్కారాలు ఉన్నాయి, వాటి మీద వాదం కూడా ఉంది. మొదటిది లాకింగ్ డిఫరెన్షియల్. ఇది రెండు చక్రాలనూ ఒకే ఇరుసుకు బిగించినట్టు చేస్తుంది. ఒకటి తిరిగితే రెండోదీ తిరిగి తీరాలి. ఫోర్స్ గూర్ఖాలో ముందు, వెనుక ఇరుసులు రెండింటికీ ఈ లాకులు ఉన్నాయి. థార్ రాక్స్ ఫోర్ బై ఫోర్‌లో కొన్ని వేరియంట్లకు వెనుక ఇరుసున ఉంది. రెండోది బ్రేకుల సాయంతో పనిచేసే పద్ధతి. జారుతున్న చక్రానికి కంప్యూటరు బ్రేకు వేసి, దానికి ఎదురు బలం కల్పిస్తుంది. పై ఉదాహరణలో ఎడమ చక్రానికి బ్రేకు 500 న్యూటన్ మీటర్ల అడ్డు పెడితే, దానిని దాటడానికి డిఫరెన్షియల్ ఎడమ వైపు 600 పంపాలి, కనుక కుడి వైపూ 600 అందుతుంది. జిమ్నీ ఈ దారిలోనే నడుస్తుంది.

లాకును సమర్థించేవారు చెప్పేదేమిటంటే, అది చక్రం జారక ముందే పనిచేస్తుంది, ఇంజన్ బలాన్ని బ్రేకులలో వృథా చేయదు, ఎంతసేపైనా అలసిపోదు. బ్రేకుల పద్ధతిని సమర్థించేవారు చెప్పేది, డ్రైవరు ఏ మీటా నొక్కనవసరం లేదు, మలుపులో స్టీరింగ్ బిగుసుకుపోదు, బండి బరువూ ధరా పెరగవు. రెండు వాదాలూ నిజమే. తేలికైన బండికి, అప్పుడప్పుడూ ఎదురయ్యే గుంతకు బ్రేకుల పద్ధతి చాలు. బరువైన బండితో, వరుసగా గంటల తరబడి కష్టమైన దారిలో వెళ్లేవారికి లాకే నమ్మదగినది.

బ్రోచర్‌లోని కోణాలను చదవడం

గ్రౌండ్ క్లియరెన్స్ ఒక్కటే చూసి నిర్ణయించేవారు మూడు కోణాలను వదిలేస్తుంటారు. ముందు బంపరు తగలకుండా గట్టు ఎక్కగల కోణం అప్రోచ్, వెనుక బంపరు తగలకుండా దిగగల కోణం డిపార్చర్, గట్టు నడినెత్తి మీద బండి పొట్ట ఆనకుండా దాటగల కోణం బ్రేకోవర్. మూడో దానిని చక్రాల మధ్య దూరం, అంటే వీల్‌బేస్, శాసిస్తుంది.

ఒకే ఎత్తు, అంటే 200 మి.మీ. క్లియరెన్స్, ఉన్న రెండు బండ్లను తీసుకుందాం. ఒకదాని వీల్‌బేస్ 2,500 మి.మీ., రెండోదానిది 2,850. పొట్ట సమతలంగా ఉందనుకొని లెక్కిస్తే మొదటిదానికి బ్రేకోవర్ కోణం దాదాపు 18 డిగ్రీలు వస్తుంది, రెండోదానికి 16. కాలువ గట్టు దాటేటప్పుడు ఈ రెండు డిగ్రీలే చాసిస్ ఆగిపోవడానికీ దాటిపోవడానికీ మధ్య తేడా కావచ్చు. నిజమైన ఉదాహరణ జిమ్నీలోనే ఉంది. విదేశాల్లో అమ్మే మూడు తలుపుల జిమ్నీ వీల్‌బేస్ 2,250 మి.మీ., బ్రేకోవర్ కోణం 28 డిగ్రీలు. మన దేశంలో 2023 జూన్‌లో అమ్మకానికి వచ్చిన ఐదు తలుపుల రకానికి వీల్‌బేస్ 2,590కి పెరిగింది, కోణం 24కు తగ్గింది. వెనుక తలుపుల కోసం చెల్లించిన మూల్యం ఆ నాలుగు డిగ్రీలు. మూడు తలుపుల థార్‌కూ, 2024 ఆగస్టు 15న వచ్చిన ఐదు తలుపుల థార్ రాక్స్‌కూ మధ్య వీల్‌బేస్ తేడా 400 మి.మీ. నానమ్మ, అమ్మమ్మలు ఉన్న ఇంట్లో చీర సర్దుకుంటూ ముందు సీటు మడిచి వెనక్కి ఎక్కే ఇబ్బంది తెలిసినవారెవరూ ఈ మూల్యాన్ని ఎక్కువని అనరు.

నీటి లోతు, నీటి వేగం, బీమా

థార్ 650 మి.మీ., గూర్ఖా 700 మి.మీ. లోతు నీటిలో నడవగలవని తయారీదారులు ప్రకటించారు. ఈ అంకె నిలకడగా ఉన్న నీటికి, నెమ్మదిగా నడిపే డ్రైవరుకు మాత్రమే వర్తిస్తుంది. ఇంజన్ గాలి పీల్చే గొట్టం ఎంత ఎత్తున ఉందన్నదాని మీద ఇది ప్రధానంగా ఆధారపడుతుంది. వేగంగా పోతే ముందు లేచే అల ఆ గొట్టం దాకా వస్తుంది. ఎదురుగా వచ్చే లారీ లేపే అల కూడా అంతే. పొంగుతున్న వాగు చప్టా మీద ఈ అంకెకు అర్థమే లేదు. రెండడుగుల లోతున వేగంగా పారే నీరు ఎస్‌యూవీని సైతం తేల్చి తీసుకుపోగలదు. తేలికైన బండి ఇంకా త్వరగా తేలుతుంది.

ఇంజన్ సిలిండర్‌లోకి నీరు వెళితే పిస్టన్ దానిని గాలిలా నొక్కలేదు. కనెక్టింగ్ రాడ్ వంగుతుంది లేదా విరుగుతుంది. నిలిపి ఉన్న కారు మునిగితే ఈ నష్టం జరగకపోవచ్చు. మునిగిన కారును స్టార్టు చేయడానికి ప్రయత్నించినప్పుడు జరుగుతుంది. సాధారణమైన సమగ్ర బీమా పాలసీ వరద వల్ల నేరుగా కలిగిన నష్టాన్ని భరిస్తుంది కానీ, నీటిలో ఇంజన్‌ను తిప్పడం వల్ల కలిగిన నష్టాన్ని పర్యవసాన నష్టంగా చూసి తిరస్కరించడం మామూలు. ఇంజన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవరు ఈ ఖాళీని పూడుస్తుంది. లోతట్టు కాలనీలో ఉండేవారికి ఇది చాలా ఆఫ్‌రోడ్ ఉపకరణాల కంటే విలువైనదని నేను గట్టిగా నమ్ముతాను.

బుడమేరు నాటి లోతులో ఏ కంపెనీ బండీ నడిచేది కాదు. అక్కడ పనికొచ్చినవి పడవలు, ట్రాక్టర్లు. వాన కురిసిన రాత్రి అండర్‌పాసులో నిలిచే అడుగు నీటికి ఎత్తైన బండి తప్పకుండా అక్కరకొస్తుంది. ఆ రెండు సందర్భాలనూ కలపకూడదు.

చాసిస్ బండా, మోనోకాక్ బండా

థార్, జిమ్నీ, గూర్ఖా, స్కార్పియో ఎన్, ఫార్చ్యూనర్‌లలో నిచ్చెన ఆకారపు ఉక్కు చాసిస్ మీద శరీరాన్ని బిగిస్తారు. రాళ్ల దెబ్బలను, మెలితిప్పే ఒత్తిడిని, ఏళ్ల తరబడి మోతను ఇది ఓర్చుకుంటుంది. మిగతా అధిక భాగం ఎస్‌యూవీలు మోనోకాక్, అంటే శరీరమూ చట్రమూ ఒకటే. అవి తేలికగా ఉంటాయి, మలుపుల్లో తక్కువ ఊగుతాయి, వెనుక సీటులో కూర్చున్నవారి నడుముకు మేలు చేస్తాయి. చాసిస్ బండ్లు భద్రతలో వెనుకబడి ఉంటాయన్న పాత అభిప్రాయం ఇప్పుడు పూర్తిగా నిలవదు. థార్ రాక్స్‌కు భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో 5 నక్షత్రాలు వచ్చాయి. అయితే ఢీకొన్నప్పుడు కాపాడడం వేరు, ఢీకొనకుండా తప్పించుకోవడం వేరు. ఎత్తైన, బరువైన బండి హైవే మీద హఠాత్తుగా పక్కకు తిప్పినప్పుడు సెడాన్ అంత నిలకడగా ఉండదు. విజయవాడ నుంచి హైదరాబాదుకు నెలకు నాలుగుసార్లు వెళ్లేవారికి ఇది చిన్న విషయం కాదు.

డీజిల్ విషయంలో ఒక్క మాట. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టరు ఉంటోంది. ఆ మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు నిలకడైన వేగంతో నడవాలి. పటమట నుంచి గవర్నర్‌పేటకు ఆగి ఆగి వెళ్లడమే రోజువారీ ప్రయాణమైతే ఫిల్టరు తరచూ నిండి హెచ్చరిక దీపం వెలుగుతుంది.

టైర్లు, మార్పుచేర్పులు, చట్టం

టూ వీల్ డ్రైవ్ బండికి మంచి ఆల్ టెరెయిన్ టైర్లు, అంటే రోడ్డుకూ మట్టికీ పనికొచ్చేవి, వేస్తే చాలని ఒక వర్గం వాదిస్తుంది. నున్నటి హైవే టైర్లున్న ఫోర్ బై ఫోర్ కంటే కొన్ని దారుల్లో అదే నయమన్నది నిజమే, ఎందుకంటే చివరికి నేలను తాకేది టైరే. అయితే గట్టి టైర్లకు రోడ్డు మీద శబ్దం ఎక్కువ, తడి తారు మీద బ్రేకు దూరం పెరగవచ్చు, మైలేజీ కొంత తగ్గుతుంది.

కొన్న తరువాత ఆటోనగర్‌లో అన్నీ మార్పించుకోవచ్చనుకునేవారు ఉన్నారు. ఆటోనగర్ మేస్త్రీల నైపుణ్యానికి వంక పెట్టలేం. చట్టమే అడ్డు. తయారీదారు నిర్దేశించిన స్వరూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చడం చెల్లదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పింది. ముందు బిగించే ఇనుప క్రాష్ గార్డులను కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే నిషేధించింది. అవి పాదచారుల ప్రాణాలకు ప్రమాదం, ఢీకొన్న దెబ్బను నేరుగా చాసిస్‌కు చేరవేస్తాయి. టైరు వ్యాసం 5 శాతం పెంచితే మీటరు 60 చూపినప్పుడు బండి నిజానికి 63లో పోతుంటుంది. ఇటువంటి మార్పు ప్రమాదం తరువాత బీమా క్లెయిములో ప్రశ్నగా మారవచ్చు.

పన్ను ఎక్కడ మలుపు తిరుగుతుంది

ఇప్పటి జీఎస్టీలో 4 మీటర్ల లోపు పొడవుతో, పెట్రోలైతే 1,200 సీసీ లోపు, డీజిలైతే 1,500 సీసీ లోపు ఉన్న కార్లకు 18 శాతం. మిగిలిన పెట్రోలు, డీజిల్ కార్లకు 40 శాతం. మూడు తలుపుల థార్ పొడవు 3,985 మి.మీ. దానిలో 1.5 లీటర్ల డీజిల్ రకం వెనుక చక్రాలు మాత్రమే లాగేది, దానికి 18 శాతం వర్తిస్తుంది. అదే రూపంలో 2.2 లీటర్ల డీజిల్ ఫోర్ బై ఫోర్‌కు 40 శాతం. జిమ్నీ పొడవు కూడా 3,985 మి.మీ. కానీ 1,462 సీసీ పెట్రోలు కనుక 40 శాతమే. ఈ వ్యాసంలో ప్రస్తావించిన లో రేంజ్ బండ్లన్నీ 40 శాతం వైపే ఉన్నాయి.

పన్నుకు ముందు ధర 9 లక్షలు ఉన్న రెండు బండ్లను ఊహించుకుంటే, 18 శాతంతో ఎక్స్ షోరూమ్ ధర 10.62 లక్షలు అవుతుంది, 40 శాతంతో 12.60 లక్షలు. తేడా 1.98 లక్షలు. దాని మీద మళ్లీ రాష్ట్ర జీవితకాల పన్ను పడుతుంది, బీమా ప్రీమియం కూడా పెరుగుతుంది. 10 లక్షలు దాటిన కారుకు అమ్మకం దగ్గరే వసూలు చేసే ఒక శాతం పన్ను, టీసీఎస్, మాత్రం ఖర్చు కాదు, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. కొటేషన్‌లో దీనిని పన్నుల వరుసలో చూసి చాలామంది మరచిపోతారు.

నడిపే ఖర్చు ఇలా ఉంటుంది. ఏడాదికి 12,000 కిలోమీటర్లు, లీటరు పెట్రోలు 110 రూపాయలు అనుకుందాం. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే చిన్న ఎస్‌యూవీకి 73,333 రూపాయలు అవుతుంది. 12 ఇచ్చే ఫోర్ బై ఫోర్‌కు 1,10,000. ఏడేళ్లలో తేడా రెండున్నర లక్షలు దాటుతుంది. పై పన్ను తేడా కూడా కలిపితే నాలుగున్నర లక్షలకు చేరుతుంది.

పటమటలో ఫ్లాటు, నగరంలో ఉద్యోగం, ఏడాదికోసారి తిరుపతి, శ్రీశైలం వెళ్లే కుటుంబానికి ఆ నాలుగున్నర లక్షలకు దొరికేది దాదాపు ఏమీ లేదు. ఆ దారులన్నీ తారు రోడ్లే. ప్రత్తిపాడు వైపు మిర్చి పొలం ఉండి, జులై నుంచి డిసెంబరు దాకా చివరి మూడు కిలోమీటర్లు డొంకలో వెళ్లవలసిన రైతు లెక్క వేరు. ఏడాదిలో అరవై రోజులు బండి ఊరి చివర ఆపి నడవవలసి వస్తుంటే, ఫోర్ బై ఫోర్ వాటిలో చాలా రోజులను కాపాడుతుంది. భారీ వాన పడిన కొద్ది రోజులను మాత్రం కాపాడలేదు. అతనికి దాదాపు 1,200 కిలోల జిమ్నీ వంటి తేలికైన బండి, రెండు టన్నులు దాటే ఫార్చ్యూనర్ కంటే బురదలో ఎక్కువ ఉపయోగపడే అవకాశం ఉంది, ధర సంగతి అలా ఉంచినా. ఎప్పుడో ఒకసారి వెళ్లాలన్న కోరిక కోసం కొనేవారిని తప్పు పట్టలేం, ఇష్టానికి కూడా విలువ ఉంది. ఆ విలువ ఎంతో తెలిసి కొనడం వేరు, అవసరమని నమ్మి కొనడం వేరు.

పాత బండి కొనేటప్పుడు

వాడిన ఫోర్ బై ఫోర్‌లలో రెండు విరుద్ధమైన రకాలు కనిపిస్తాయి. రాళ్లలో విపరీతంగా తిప్పినవాటికి చాసిస్ అడుగున గీతలు, సొట్టలు, వంగిన బ్రాకెట్లు, కొత్తగా పూసిన నల్లరంగు ఉంటాయి. ఏనాడూ తారు రోడ్డు దిగనివి పైకి కొత్తవాటిలా మెరుస్తాయి కానీ, ట్రాన్స్‌ఫర్ కేసును ఏళ్ల తరబడి వాడకపోవడం వల్ల లివర్ బిగుసుకుపోయి ఉండవచ్చు. మట్టి నేల మీద ఫోర్ హై (నాలుగు చక్రాలు, మామూలు గేర్లు), ఫోర్ లో (నాలుగు చక్రాలు, లో రేంజ్) రెండింటిలోనూ కాస్త దూరం నడిపి చూస్తే తప్ప ఇది బయటపడదు.

మన ప్రాంతంలో 2024 నాటి వరదలో మునిగిన బండ్ల సంగతిని కూడా మరువకూడదు. మునిగిన కారును కడిగి, పాలిష్ చేసి, సీటు కవర్లు మార్చవచ్చు. సీటు జరిగే పట్టాల మీది తుప్పు, కార్పెట్ కింద చెమ్మ వాసన, డ్యాష్‌బోర్డు వెనుక వైర్ల కనెక్టర్లలో పచ్చని చిలుము, స్పేర్ టైరు గూటి మూలల్లో ఎండిపోయిన సన్నటి ఒండ్రు మాత్రం అంత తేలికగా పోవు. బీమా కంపెనీ నుంచి పాత క్లెయిముల చరిత్ర, అధీకృత సర్వీసు కేంద్రం నుంచి ఆ ఏడాది సెప్టెంబరు, అక్టోబరు నెలల బిల్లులు తెప్పించుకుంటే, కళ్లకు కనిపించని సంగతి కాగితం మీద కనిపిస్తుంది.